నల్ల టేపు వెనక తేదీ

తాళం పడిన వెబ్‌సైట్‌ను ఒక్క వేలితో తెరిచినవాణ్ణి నేను. నమ్మితే నమ్మండి, లేకపోతే మానెయ్యండి. పెద్ద చదువు చదివిన మెకానిక్కు దానితో కుస్తీపట్టి, చొక్కా తడిసి, చివరికి దీని రోగం అంతుపట్టడం లేదని సంచీ సర్దుకుపోయిన కంప్యూటర్ అది. నేను చదివిందేమో ఊరి బడిలో, ఇసుకలో వేలరిగేలా దిద్ది. అరిగినా ఆ వేలికి పదును పోలేదని ఆ శుక్రవారం లోకానికి తెలిసింది. లోకమంటే అప్పుడు అక్కడున్నవాళ్లు.

ఆ కంప్యూటర్ మా అన్న పెద్దకూతురి ఫొటో స్టూడియోలోది. వీధివైపు ఒక కౌంటరు, ఎండకు నీలంగా వెలిసిపోయిన పాత నమూనా ఫొటోలు, మధ్యలో గుడ్డతెర, దాని వెనక తెల్లగోడ, గోడ ముందు ఒక స్టూలు, దానికి అటూ ఇటూ గొడుగులు పట్టుకున్న రెండు లైట్లు. ఫొటోలు తీసేది అల్లుడు. మొటిమలు చెరిపేదీ, జుట్టు సర్దేదీ, కోసి కవర్లో పెట్టి ఇచ్చేదీ మా పెద్దమ్మాయి. కస్టమర్లు కూర్చునే కుర్చీలో రోజంతా కూర్చునేది నేను. దుకాణం కళకళలాడుతున్నట్టు కనిపించాలంటే ఎవరో ఒకరు కూర్చోవాలి కదా.

సోమవారం పొద్దున ఎప్పటిలాగే అల్లుడు ముందు వచ్చి షట్టరు ఎత్తాడు. కంప్యూటర్ వేసి, దాని చెవిలో ఏదో చెబుతున్నట్టు వంగి, నాలుగు నొక్కులు నొక్కి, ఆ తరవాతే చీపురు అందుకున్నాడు. పెద్దమ్మాయి స్టీలు స్కేలు అదిమిపట్టి పాస్‌పోర్టు ఫొటోలు కోస్తూండగా ఫోనులో సందేశం వచ్చింది. పిల్లల సంరక్షణ కార్యాలయం వాళ్లది. బ్లేడు పట్టుకున్న చెయ్యి మధ్యలో ఆగింది. ఎవరిదో గడ్డం తెగిపోయింది, ఫొటోలోనే లెండి.

పిచ్చుక అని మేం పిలుచుకునే పిల్ల మా అన్న చిన్నకూతురి బిడ్డ. తల్లి పోయినప్పటినుంచి పెద్దమ్మ దగ్గరే ఉంటోంది. కెమెరా ముందు కూర్చోబెడితే క్షణం కుదురుగా ఉండదు, అందుకే ఆ పేరు. ఈ పిల్లను మా దగ్గరే ఉంచుకుంటున్నామని మొగుడూ పెళ్లాం ఏటా కార్యాలయం వెబ్‌సైట్‌లో వేలిముద్రలు వెయ్యాలి. శుక్రవారం సాయంత్రం ఆఫీసు మూసేలోగా వెయ్యకపోతే పిల్లను బాలల గృహానికి తరలిస్తారని సందేశం. నిరుడు కూడా ఇలాగే వస్తే, దుకాణంలోని వేలిముద్రల యంత్రం మీద వేలుపెట్టి, కాఫీ చల్లారేలోగా పని ముగించుకున్నారు. ఈసారీ అంతే అనుకుంది.

ఈసారి ఎర్ర త్రికోణం వచ్చింది.

కంప్యూటర్ తెరనిండా తెల్లటి పేజీ. మధ్యలో ఎర్ర త్రికోణం. మీ కనెక్షన్ సురక్షితం కాదు, దొంగలు మీ వివరాలు కాజెయ్యడానికి చూస్తూండవచ్చు అని పెద్ద అక్షరాలు. దొంగలనేసరికి పెద్దమ్మాయి గబుక్కున వీధిలోకి చూసింది. నేను బల్ల కింద కూడా చూశాను. కింద ఒక నీలం బొత్తాం ఉంది, వెనక్కి పొమ్మని. భయపడి దాన్నే నొక్కింది. మళ్లీ తెరిచింది. మళ్లీ త్రికోణం. సాయంత్రానికి ఆ బొత్తాం ఎన్నిసార్లు నొక్కిందో ఆమెకే తెలియదు.

మంగళవారం షట్టరు సగం దించి, పిచ్చుక చెయ్యి పట్టుకుని కార్యాలయానికి వెళ్లింది. కిటికీ వెనక గుమస్తా చెడ్డవాడేం కాదు. కళ్లద్దాలు నుదుటిమీదకి నెట్టుకుని అంతా విన్నాడు. ఈ ఏడు సైట్‌కు కొత్త భద్రత పెట్టారని, నిరుటిలా తలుపులేని పాక కాదని, తాళం గుర్తు కూడా వచ్చిందని గర్వంగా చెప్పాడు. తన కంప్యూటర్ తెరను ఆమెవైపు తిప్పి చూపించాడు. అందులో సైట్ మల్లెపువ్వులా తెరుచుకునుంది.

"చూశావా అమ్మా, ఇక్కడ తెరుచుకుంటోంది. అందరికీ తెరుచుకుంటోంది. నీ ఒక్కదాని దగ్గరే తెరుచుకోకపోతే తప్పెక్కడుంటుంది, నువ్వే చెప్పు."

అయితే ఇక్కడే వేలిముద్ర తీసుకోమని బతిమాలింది. కుదరదన్నాడు. మొదటిసారి ఏ యంత్రంతో, ఏ కంప్యూటర్‌తో నమోదు చేసుకున్నారో ఆ జతతోనే ప్రతి ఏడూ వెయ్యాలట. విడదీస్తే చెల్లదు, మొగుడూ పెళ్లాల్లాగా. కాగితం మీద సంతకం పెట్టి ఇస్తానంది. కాగితాలు తీసుకోవడం మానేశాం అన్నాడు. ఆమె వెనక జనం గొణుగుతున్నారు. ఆమె కిటికీ చువ్వ వదల్లేదు. అప్పుడు గుమస్తా ముందుకు వంగి, పిల్లవైపు చూసి, ఎంతో దయగా ఒక మాట అన్నాడు.

"బట్టలూ పుస్తకాలూ సర్దుకుని ఉంచుకో తల్లీ. ఎందుకైనా మంచిది."

తిట్టినా అంత బాధపడేది కాదు మా అమ్మాయి. ఇంటికి రాగానే పిచ్చుక బడిసంచీలోని పుస్తకాలు ఒక పక్కకి జరిపి, రెండు గౌన్లు మడిచి పెట్టుకుంది. దువ్వెన పెట్టింది. మళ్లీ తీసి, అది పెద్దమ్మది కదా అని యథాస్థానంలో పెట్టేసింది. గుమ్మంలో నిలబడి పెద్దమ్మాయి అదంతా చూసింది. లోపలికి వెళ్లి ఆ సంచీ విప్పడానికి ఆమెకు కాళ్లు రాలేదు. విప్పి ఏం చెబుతుంది?

బుధవారం మెకానిక్కు వచ్చాడు. ముందు ఇంటర్నెట్ వైరు పీకి మళ్లీ గుచ్చాడు. కంప్యూటర్ ఆపి వేశాడు. పాత చరిత్ర అంతా తుడిచేశాడు. వైరస్ రాకుండా కాపలాకాసే ప్రోగ్రామే అడ్డుపడుతోందేమోనని దాన్ని ఊడబెరికాడు. పెన్‌డ్రైవ్‌లోంచి ఇంకో బ్రౌజరు ఎక్కించాడు. అందులో ఎర్ర త్రికోణానికి బదులు పసుపుపచ్చ బొమ్మ వచ్చింది. రంగు మారింది గాని బుద్ధి మారలేదు. చిన్న అక్షరాల మీద నొక్కి, ఏదో విప్పి, చదవకుండానే మూసేశాడు. అతను వెతికేది చదవడానికి కాదు, దొడ్డిదారి కోసం. మామూలుగా కింద 'ఫరవాలేదు, ముందుకు పో' అని ఒక దారి ఉంటుందట, ఈ సైట్‌కు దాన్ని కూడా మూసేశారట.

నాకు తెలిసిన వైద్యం నేనూ చెప్పాను. వీపు మీద ఒక్కటివ్వమన్నాను. మా ఊళ్లో ఒక రేడియో తన్నితే గాని వార్తలు చెప్పేది కాదు. ఒకరోజు కాస్త గట్టిగా తన్నితే మర్నాటి వార్తలు కూడా చెప్పేసింది. మెకానిక్కు నవ్వలేదు. తెర కింద కుడిమూల అంటించి ఉన్న నల్లటేపు ముక్కను గోటితో తాకి, పగిలిందా అని అడిగాడు. పెద్దమ్మాయి పరధ్యానంగా తలూపింది. ఆ టేపు అక్కడ ఉండీ ఉండీ ఆమెకు తెరలో భాగమైపోయింది, ముక్కు మీద పుట్టుమచ్చలాగా.

గురువారం మళ్లీ వచ్చి, ఇక ఒకటే మార్గం, అంతా తుడిచిపారేసి మొదటినుంచి ఎక్కించాలన్నాడు.

"వద్దు," అన్నాడు అల్లుడు.

మూడు రోజులుగా అతను నోరు విప్పింది అప్పుడే. మాటలు ఆచితూచి వాడే మనిషి. పిల్ల సంగతి తెలిసినప్పటినుంచీ అతను చేసిందల్లా పెద్దమ్మాయి ఎప్పుడు లేస్తుందా అని చూసి, కంప్యూటర్ ముందు కూర్చుని పెళ్లి ఆల్బమ్ పేజీలు పేర్చడమే. అంతా తుడిస్తే ఆల్బమ్ చేసే ప్రోగ్రామ్ పోతుంది. అది పోతే దుకాణానికి కుడిచెయ్యి పోయినట్టు. అందుకే వద్దన్నాడు. మెకానిక్కు వెళ్లిపోయాక ఆమె అతనికి ఎదురుగా నిలబడింది.

"ఈ పిల్ల ఉన్నా మీకొకటే, పోయినా ఒకటే కదండీ?"

అతను కెమెరా కటకం మీద దుమ్ము ఊదుతున్నాడు. ఊదుతూనే ఉన్నాడు. దుమ్ము ఎప్పుడో పోయింది. తెర అవతల స్టూలు మీద పిచ్చుక కదలకుండా కూర్చుని ఉంది. అంత కుదురుగా ఆ పిల్ల కూర్చోవడం నేను చూడడం అదే మొదటిసారి. మధ్యలో నేను దగ్గాను.

శుక్రవారం అల్లుడికి పెళ్లి ఫొటోల పని ఉంది. వెళ్లేముందు ఎప్పటిలాగే కంప్యూటర్ వేసి, నాలుగు నొక్కులు నొక్కి, కెమెరా సంచీ తగిలించుకుని వెళ్లిపోయాడు. మధ్యాహ్నం పిచ్చుక బడినుంచి వచ్చింది, గౌన్లున్న సంచీ భుజానికే ఉంది. తియ్యమంటే తియ్యలేదు.

పెద్దమ్మాయి కార్యాలయానికి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మెకానిక్కు ఎత్తలేదు. కేబులతను తన వైరులో తప్పులేదని ప్రమాణం చేశాడు. ఇక పిలవడానికి మనిషి లేడు. బతిమాలడానికి దేవుణ్ణి కూడా పొద్దున్నే వాడేసుకుంది. కంప్యూటర్ ముందు కూలబడి త్రికోణం వంక చూస్తూ ఉండిపోయింది. చేసేదేమీ మిగలని మనిషి చివరికి చదువుతుంది. మెకానిక్కు నొక్కిన చిన్న అక్షరాల మీద తనూ నొక్కింది. కింద ఇంకో నాలుగు వరుసలు విప్పుకున్నాయి. ఇంగ్లీషు ఆమెకు కూడబలుక్కుంటే గాని రాదు. ఫొటోలు కోసే స్టీలు స్కేలు తెచ్చి, తెరమీద మొదటి వరుస కిందపెట్టి, మాటమాటా చదవసాగింది.

ఈ సైట్ చూపిస్తున్న ధ్రువపత్రం ఇంకా అమల్లోకి రాలేదు. స్కేలు దించింది. మీ కంప్యూటర్ గడియారం. అక్కడ ఆగి, తలెత్తి గోడగడియారం చూసింది. బాగానే నడుస్తోంది. మళ్లీ స్కేలు దగ్గరకొచ్చింది. మీ కంప్యూటర్ గడియారం ప్రస్తుతం ఈ తేదీ చూపిస్తోంది. పక్కనే తేదీ, నెల, ఏడు. ఆ కింద ఒక ప్రశ్న. ఇది సరైనదేనా?

ఆ ఏడు చూసి ఆమె చేతిలో స్కేలు జారింది.

ఆల్బమ్ ప్రోగ్రామ్‌కి గడువుంది. గడువు ముగిసి మూడేళ్లవుతోంది. కొత్తది కొనే తాహతు లేక, దాన్ని ఎక్కించినవాడు చెప్పిన కిటుకు పట్టుకుని అల్లుడు రోజూ పొద్దున్నే కంప్యూటర్ తేదీని వెనక్కి తిప్పుతాడు, గడువు తీరడానికి ముందురోజుకి. కస్టమర్లు చూసి నవ్వకుండా తేదీ కనిపించే మూలకు నల్లటేపు అంటించాడు. షట్టరు ఎత్తడం, తేదీ తిప్పడం, చీపురు పట్టడం. మూడూ ఒకే పనిలా కలిసిపోయి, అందులో ఒకటి అబద్ధమన్న సంగతి ఇద్దరూ మర్చిపోయారు. మూడేళ్లుగా ఆ దుకాణంలో ఒకటే రోజు. అన్ని పెళ్లిళ్లూ, అన్ని పాస్‌పోర్టు ఫొటోలూ ఆ ఒక్కరోజే తీసినవి. ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్‌తో ఏనాడూ పనిలేదు, ఏటా ఒకసారి ఈ వేలిముద్రలకు తప్ప. నిరుడు సైట్‌కు తాళం లేదు కాబట్టి తేదీ అడిగే దిక్కు లేకపోయింది. ఈ ఏడు సైట్ ఈ ఏటి పత్రం పట్టుకుని గుమ్మంలో నిలబడితే, ఇంకా రాని ఏటి పత్రం తెచ్చినవాణ్ణి కంప్యూటర్ దొంగ అనుకుంది. దాని న్యాయం దానిది.

గోటితో టేపు అంచు లేపింది. లాగింది. జిగురు మరకలోంచి తేదీ బయటపడింది. ఆ తేదీకి పిచ్చుక తల్లి, మా చిన్నమ్మాయి, బతికే ఉంది. సరిగ్గా ఆ వారమే వచ్చి, కొత్త లైట్ల కింద ఊరికే ఒకసారి కూర్చుని, బాగున్నాయక్కా అని వెళ్లింది. కంప్యూటర్ లెక్కలో పిచ్చుకకు పెద్దమ్మ వేలిముద్రతో అవసరమే రాలేదు.

మౌసు మీద చెయ్యి వేసింది గాని నొక్కలేదు. ప్రోగ్రామ్ ఎక్కించినవాడు వెళ్తూ వెళ్తూ హెచ్చరించాడు. ఒక్కసారి అసలు తేదీ దాని కంటబడిందా, మళ్లీ వెనక్కి తిప్పినా తెరుచుకోదు. మనం తెరవకపోయినా లోపలినుంచి చూస్తూనే ఉంటుంది, అత్తగారిలాగా. పెళ్లి ఆల్బమ్ సగంలో ఉంది. పేజీలన్నీ బొమ్మలుగా మార్చి బయటికి తియ్యాలంటే పూట పడుతుంది. ఆఫీసు మూసేలోగా అంత సమయం లేదు. తేదీ మార్చడమంటే తన చేత్తో తన మొగుడి పనిని నరకడమే. నిన్న 'వద్దు' అన్న మనిషి అతను.

ఫోను చేసింది. అవతల మేళాల హోరు. తేదీ మారిస్తే సైట్ తెరుచుకుంటుందండీ అని చెప్పింది. వినపడలేదన్నాడు. గట్టిగా చెప్పింది.

"ఆల్బమ్ పోతుందండీ. ప్రోగ్రామే పోతుంది."

కాసేపు మేళాలే వినిపించాయి.

"మార్చు," అన్నాడు. "నేను వస్తున్నా."

మార్చింది. తేదీ, నెల, ఏడు. మళ్లీ సైట్ తెరిచింది. త్రికోణం లేదు. పైన చిన్న తాళం గుర్తు, కింద గుమస్తా చూపించిన పేజీ. తన బొటనవేలు పెట్టింది, పచ్చగీత వచ్చింది. రెండో గడి అల్లుడి కోసం ఎదురుచూస్తోంది. పెద్దమ్మాయి వీధిలోకి వెళ్లింది. లోపలికొచ్చింది. గడియారం చూసింది. ఈసారి అది సరిగ్గా నడవడమే భయంగా ఉంది.

అతను వచ్చేసరికి ఆఫీసు మూసే వేళ దగ్గరపడింది. కెమెరా మెడలోనే ఊగుతోంది. మంచి ఫొటోలు తియ్యాల్సిన సమయంలో పెళ్లివారిని వదిలేసి వచ్చేశాడు. గుమ్మంలో ఆగాడు. అతని చూపు తిన్నగా తెర కింద కుడిమూలకు పోయింది. టేపు లేదు, జిగురు మరక ఉంది, తేదీ ఉంది. అక్కడే కాసేపు నిలిచింది. తరవాత స్టూలు లాక్కుని కూర్చుని బొటనవేలు యంత్రం మీద పెట్టాడు.

గుర్తించలేకపోయాం, వేలు తుడిచి మళ్లీ పెట్టండి అంది. తుడిచి పెట్టాడు. అదే మాట. కుర్రతనమంతా చీకటిగదిలో మందునీళ్లలో ఫొటోలు కడిగిన చేతులవి. వేళ్లమీద నిరుడున్న కాసిని గీతలు కూడా ఈ ఏటికి మిగల్లేదు. చూపుడువేలు పెట్టాడు. నడిమివేలు పెట్టాడు. చెయ్యి మార్చాడు. పెద్దమ్మాయి కటకం తుడిచే బట్టతో యంత్రం అద్దం తుడిచింది, నోటితో ఆవిరి ఊది మళ్లీ తుడిచింది. వేలు జరగకుండా ఆమె అతని మణికట్టు పట్టుకుంది. పిచ్చుక వచ్చి పక్కన నిలబడింది. చివరికి మిగిలింది ఎడమచేతి చిటికెనవేలు. మందునీళ్లలో ఫొటో కాగితం ఎత్తేటప్పుడు ఎడంగా పెట్టుకునే వేలది. దానిమీద నాలుగు గీతలు బతికున్నాయి.

పచ్చగీత వచ్చింది.

సైట్‌ను ఒక్క వేలితో తెరిచానని మొదట్లో చెప్పానే, ఆ వేలు ఇదే. నాది కాదు. తాళం తీసింది పెద్దమ్మాయి, గడప దాటించింది ఆ చిటికెనవేలు. నేనా సమయానికి కుర్చీలో గురకపెడుతున్నాను. పిచ్చుక భుజం కుదిపి లేపి, "తాతయ్యా, అయిపోయింది," అంటే, ఏమైపోయిందోనని గుండె జారి లేచాను. మొత్తం నలుగురిలో నా వేళ్లు పదీ వృథా.

అల్లుడు ఆల్బమ్ ప్రోగ్రామ్ మీద నొక్కాడు. కొన్నవాళ్లకిచ్చే తాళంచెవి సంఖ్య అడిగింది. తేదీ ఒకసారి వెనక్కి తిప్పి చూశాడు. తెరుచుకోలేదు. మళ్లీ ఇవాళ్టి తేదీ పెట్టేశాడు. జేబులో ఫోను మోగితే తీసి, పెళ్లివాళ్లు తిట్టినంతసేపూ విన్నాడు. తప్పు నాదేనండి అన్నాడు. తరవాత వంగి, పిచ్చుక భుజాన ఉన్న సంచీ తీసి, లైటు స్తంభానికి తగిలించాడు. మర్నాటినుంచి ఆ ఆల్బమ్ మొదటి పేజీ నుంచి చెయ్యాలి. దేనితో చెయ్యాలో ఎవరికీ తెలియదు.

ఇందులో నేను కల్పించింది ఒకటుంది. రేడియో కాదు, అది నిజమే. ఫోనులో అల్లుడు "మార్చు" అనలేదు. మేళాల హోరులో అతనికి ఒక్కముక్క వినపడలేదు, మధ్యలో ఫోను తెగిపోయింది. పెద్దమ్మాయి ఆగిపోయిన ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎంతసేపు కూర్చుందో నన్నడగకండి. తరవాత తనే మార్చింది. మార్చాక, వెంటనే రండి అని ఒక్క ముక్క సందేశం పెట్టింది, ఎందుకో రాయలేదు. సంగతేమిటో అతనికి తెలిసింది గుమ్మంలోనే, ఆ జిగురు మరక చూసినప్పుడు. ఆ ఒక్కమాట నేను కథలోకి తోసింది, అది లేకపోతే మా అమ్మాయి ఒంటరిగా కూర్చున్న ఆ కాసేపూ నేను రాయాల్సి వచ్చేది కాబట్టి. నాకు చాతకాలేదు.

రాసింది మొన్న వాళ్లకు చదివి వినిపించాను. ఆ చోటు రాగానే అల్లుడు తలెత్తి, "అవును, అన్నాను," అన్నాడు. మా అమ్మాయి అతని వంక చూసింది. కాదనలేదు.